ప్లేనోలో ఎక్కిన మెట్లు

పాథాలజిస్టుగా రిటైరయ్యాక కూడా దమయంతి ప్లేనోలోనే ఉండిపోయింది. పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగమంతా మైక్రోస్కోపు కింద స్లైడ్లు చూడటమే కానీ రోగులతో మాట్లాడేది కాదు. ఇప్పుడు ఇండియన్ స్టోర్‌కి వెళ్లినా, లైబ్రరీకి వెళ్లినా కారే. ఒక్కోసారి రెండ్రోజుల తర్వాత నోరు తెరిస్తే తన గొంతు తనకే కొత్తగా వినిపించేది.

పక్కింట్లో ఎల్విరా అనే మెక్సికన్ ముసలావిడ కొడుకు దగ్గర ఉండేది. నీటికాసులతో ఆమెకు చూపు పోయింది. ఒక సాయంత్రం గుమ్మం పట్టుకుని ఒంటరిగా నిలబడి ఉంటే దమయంతి వెళ్లి, "వాక్‌కి వస్తారా?" అని అడిగింది. అప్పటినుంచి రోజూ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేది.

ఎల్విరా పుట్టి పెరిగింది గ్వానహువాతోలో. స్పెయిన్ వాళ్లు వెండి కోసం కొండల మధ్య కట్టిన ఊరది. ప్లేనో వీధుల్లో నడుస్తూనే ఆవిడ ఆ ఊళ్లో తిరిగేది. "ఇక్కడ మెట్లున్నాయి డాక్టర్, చూసుకో," అంటూ చదునైన సిమెంటు బాట మీద కాలెత్తి వేసేది. మొదట దమయంతికి నవ్వొచ్చింది. కొన్నాళ్లకు తనూ కాలెత్తి వేయడం మొదలుపెట్టింది.

"ఇదిగో, ధాన్యం కొట్టు. కోటలా ఉంటుంది. జనం తిరగబడితే దొరలు వెండి మూటలతో ఇందులో దాక్కున్నారు. ఒక గని కూలీ వీపు మీద రాతిపలక కట్టుకుని, తూటాల కింద పాక్కుంటూ పోయి తలుపుకి నిప్పు పెట్టాడు. తర్వాత దొరలు తిరుగుబాటు నాయకుల తలలు నరికి నాలుగు మూలలా వేలాడదీశారు."

"ఇదంతా నిజమేనా?"

"తలల సంగతి నిజం. కూలీ సంగతి మా అమ్మ చెప్పింది. అంచేత అదీ నిజమే."

ఎల్విరా తండ్రి వలెన్సియానా గనిలో పనిచేశాడు. "ఆ గని డబ్బుతో కట్టిన చర్చి లోపల ఎటు చూసినా బంగారమే. నాన్న మాత్రం దగ్గి దగ్గి పోయాడు," అంది ఓ రోజు. రాతి దుమ్ము పట్టిన ఊపిరితిత్తులు ఎలా గట్టిపడతాయో దమయంతి ఎన్నో స్లైడ్లలో చూసింది. ఎల్విరా చేతిని కాస్త గట్టిగా పట్టుకుంది.

వేసవి మొదట్లో కొడుక్కి శాన్ ఆంటోనియోలో ఉద్యోగం వచ్చింది. ఇల్లు అమ్మేసి తల్లిని తీసుకెళ్లిపోయాడు. దమయంతి ఒక్కతే వాక్‌కి వెళ్లేది. మలుపు దగ్గర కాలు దానంతటదే లేచేది. ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసేది. చూడటానికి అక్కడ ఎవరూ ఉండేవారు కాదు.

నోవైలో ఉన్న అక్క కూతురు చరితకు ఫోన్ చేసి, "గ్వానహువాతో వెళ్తున్నానే," అంది.

"ఒక్కదానివే ఎందుకు పిన్నీ? గ్రూప్ టూర్ బుక్ చేయనా?"

"వద్దులే. ఆ ఊరు నాకు తెలుసు."

అక్కడ దిగాక చూస్తే నిజంగానే తెలిసిన ఊరే. కొండవాలు నిండా పసుపు, ఎరుపు, నీలం ఇళ్లు. ఒకప్పుడు నది పారిన సొరంగాల్లో ఇప్పుడు కార్లు పోతున్నాయి. ధాన్యం కొట్టు మూలల్లో తలలు వేలాడదీసిన కొక్కేలు అలాగే ఉన్నాయి. చర్చిలో బంగారం ముందు జనం ఫొటోలు తీసుకుంటున్నారు. దమయంతి చివరి బల్ల మీద కూర్చుంది. పక్కకు తిరిగి ఏదో చెప్పబోయి ఆగిపోయింది.

సాయంత్రం ఎల్విరా చెప్పిన గుర్తులతో వాళ్ల సందులోకి ఎక్కి ఆమెకు ఫోన్ చేసింది. "మీ ఇంటి ముందున్నాను."

"ఎవరున్నారు లోపల?"

అబద్ధం చెబుదామా అనుకుంది. నోరు రాలేదు. "ఎవరూ లేరు. తలుపుకి నంబర్ల తాళం ఉంది. టూరిస్టులకు అద్దెకిస్తున్నారు."

ఎల్విరా నవ్వింది. "అయితే బుక్ చేయి డాక్టర్. ఈ రాత్రికి నాకు తెలిసినవాళ్లు ఆ ఇంట్లో పడుకోవాలి."

దమయంతి గుమ్మం మీదే కూర్చుని బుక్ చేసింది. లోపల తెల్లటి సున్నం, కొత్త మంచం. ఎల్విరా చెప్పినవేవీ లేవు. కిటికీ తెరిచి ఫోన్‌ని వీధివైపు పట్టుకుంది. ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. పిల్లలు పరుగెత్తారు. చర్చి గంటలు మొదలై ఆగాయి.

"ఇంకాసేపు అలాగే ఉంచు," అంది ఎల్విరా.

చెయ్యి నొప్పెట్టేదాకా పట్టుకుంది. అవతల కొడుకు భోజనానికి పిలవడంతో ఎల్విరా ఫోన్ పెట్టేసింది. దమయంతి మొహం కడుక్కుని కిందికి దిగింది. సందు చివర హోటల్‌లో కుర్చీ లాగుతూ సర్వర్, "ఒక్కరేనా?" అని అడిగాడు.

"ఒక్కదాన్నే," అంది.