ఆరు వారాల ఊకబస్తా

శుక్రవారం సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి రేవతి ఊకబస్తాని ఈడ్చుకొచ్చి టీవీకి ఎదురుగోడకి ఆనించేది. కొడవలూరు రైసుమిల్లు ఊక అది. గోనెసంచిలో కుక్కి కుక్కి నింపి, మూతిని పురికొసతో కుట్టింది. ముత్తుకూరు దాటి సముద్రం వైపు పోయే ఆ వీధిలో ప్రతి ఇంట్లోనూ ఆ వేళకి అదే పని. బస్తా ఆనించడం, పిల్లల్ని పక్కకి జరిపి కూర్చోబెట్టడం, మధ్యలో ఎవరూ లేవకుండా చెంబుతో నీళ్లు ముందే తెచ్చి పెట్టుకోవడం. ఏడు గంటలకి ‘ఏడో నీడ’ కొత్త భాగం వచ్చేది.

గూఢచారుల కథ. కాల్పులు లేని భాగం ఒక్కటీ లేదు. తెర లోపలి మనిషికి తగిలిన తూటా లోపలే ఉండిపోయేది. గురి తప్పింది మాత్రం బయటికి వచ్చేది. టీవీ అద్దానికి గీత కూడా పడదు. చెరువులోంచి చేప ఎగిరినట్టు తెరలోంచి ఎగిరి, గదిని దాటి, ఊకలో దబ్‌మని దిగేది. అదీ మొదటిసారి చూసినప్పుడే. అదే భాగాన్ని మళ్లీ పెడితే ఉత్త చప్పుడే. శనివారం పొద్దున ఆడవాళ్లు ఊకని వేళ్లతో కెలికి తూటాలు ఏరుకుని, పాత ఇనపసామాన్ల బండివాడికి వేసి ఉల్లిపాయలు తీసుకునేవాళ్లు.

అప్పుడప్పుడూ దెబ్బలు తగిలేవి. పోయిన సీజన్‌లో రొయ్యల షెడ్డులో ఐసు మోసే సమాధానం అనే అతను నీళ్లకని లేచాడు, ఎడమ చెవి తమ్మె ఎగిరిపోయింది. పక్కింటి మస్తానమ్మ మేక వాకిట్లో నిలబడి తలుపు సందులోంచి చూస్తా చూస్తానే కూలబడింది. ఆ రాత్రి వీధంతా మేక కూరే. తిన్నవాళ్లకి రెండు తూటా ముక్కలు పంటికిందికి వచ్చినాయి.

రేవతికి ‘ఏడో నీడ’ అంటే ప్రాణం. ముఖేష్ ఆమెతో మొదట మాట్లాడిందే దాని గురించి. షేర్ ఆటోలో ఎదురుగా కూర్చుని, రేపు మొదలయ్యే సీజన్ కథంతా తానే తీసినట్టు చెప్పుకుపోయాడు. అతను పోర్టు నుంచి కరెంటు ఫ్యాక్టరీకి బొగ్గు లారీ తోలతాడు. కనురెప్పల మీద బొగ్గు నుసి, కాటుక పెట్టుకున్నట్టు. ఆ కళ్లు చూసి ఆమె దిగాల్సిన చోట దిగడం మర్చిపోయింది. నెల తిరక్కుండా పెళ్లి చేసుకున్నారు.

మొదటి సీజన్ పది వారాలు. ఆ పది వారాలూ ముఖేష్ మనిషే వేరు. శుక్రవారం చూసిందాని గురించి సోమవారం దాకా చెప్పేవాడు, మంగళవారం నుంచి రాబోయేదాని గురించి చెప్పేవాడు. దేశాన్ని అమ్మింది ఎవరు, రైల్లో గొంతు కోసింది ఎవరు, హీరో రణధీర్ వీపు మీద ఆ కాలిన మచ్చ ఏంది. అన్నం కలుపుతూ చెప్పేవాడు, ఆమె జడ పట్టుకుని ఆడిస్తూ చెప్పేవాడు.

పదకొండో వారం శుక్రవారం టీవీలో ఏమీ రాలేదు. చేపల పులుసులో ఉప్పెక్కువైందని ఆ జడే పట్టుకుని తల గోడకేసి కొట్టాడు.

తర్వాత పద్నాలుగు నెలలు. ముందు చేత్తో కొట్టేవాడు, తర్వాత బెల్టు, తర్వాత చేతికి ఏది దొరికితే అది. ఒకసారి గిన్నెలు దింపే పట్టకారుతో ముంజేతి మీద కొడితే ఎముక చిట్లింది. షెడ్డులో ఎడమ చేత్తో రొయ్యలు వలిచింది నెలన్నర. ఎవరైనా అడిగితే మెట్టు జారిందనేది. వాళ్ల ఇంటికి మెట్టే లేదు.

రెండో సీజన్ వస్తుందని తెలిసిన రోజు రేవతి ఏడ్చింది. పది వారాలు. క్యాలెండర్‌లో పది శుక్రవారాలకి పసుపు బొట్లు పెట్టుకుంది. పాత ఊక పారబోసి కొత్త ఊక నింపింది.

అనుకున్నట్టే మొదటి శుక్రవారం నుంచీ ముఖేష్ చెయ్యెత్తడం మానేశాడు. నాలుగో వారం షెడ్డులో, ఐసునీళ్లలో చేతులు పెట్టి రొయ్యల తలలు తుంచుతా ఉండగా అబిగయీలు ఆ మాట అనింది. అబిగయీలు ఇంటరు తప్పిన పిల్ల, ఫోను ఎప్పుడూ జాకెట్లోనే ఉంటుంది.

“ఇంక రెండేనంటక్కా. ఈసారి ఆరుతోనే సరి.”

“ఆరా?” అన్నాడు సమాధానం, ఐసు గంప దింపుతా. “పదికి కదా మనం కూచుంది.”

“ఇప్పుడంతా ఇంతేనంట. పది చేస్తే జనం మధ్యలో వదిలేస్తుండారంట.”

“మంచిదే అబ్బయా,” అంది మస్తానమ్మ. “పోయినసారి పదిలో మూడు ఉత్త నడకే. వాడు నడస్తానే ఉండాడు, మనం చూస్తానే ఉండాం. ఆరైతే గట్టిగా ఉంటాది.”

“చెవి పోగొట్టుకున్నోడిని నేను. నాకు పదీ కావాలి,” అన్నాడు సమాధానం.

“ఇంకో చెవి ఉండాదిలే, దాచుకో.”

అందరూ నవ్వారు. రేవతి చేతిలో రొయ్య ముల్లు బొటనవేలిలోకి సగం దిగింది. ఐసునీళ్లు ఎర్రగా అయ్యేదాకా ఆమె చూసుకోలేదు.

“నీకేంది మే, తక్కువైనాయని దిగులా?” అంది మస్తానమ్మ. ఆమె చూపు రేవతి ముంజేతి మీద ఉంది, వంకరగా అతికిన ఎముక మీద. మస్తానమ్మ ఇంక ఎవరినీ నవ్వనివ్వలేదు.

ఆరో భాగం వచ్చింది. అన్ని కాల్పులు ఆ వీధి ఎప్పుడూ చూడలేదు. ఓడరేవులో రాత్రి, వాన, కంటెయినర్ల మధ్య మనుషులు కుక్కల్లా తరుముకుంటున్నారు. ఒకడి పొట్ట చీలింది. ఒకడి తల ఇనప తలుపు సందులో నలిగింది. ఊకలోకి తూటాలు వడగళ్ల మాదిరి దిగుతున్నాయి. చివరికి అందరూ చచ్చి ఇద్దరే మిగిలారు. రణధీర్, ఎదురుగా నైనా. దేశం రహస్యాలు అమ్మింది ఆమేనని అప్పుడే తేలింది. ఐదు వారాలుగా ఆమె కోసం రణధీర్ ప్రాణం ఇవ్వబోయాడు. ఇప్పుడు తుపాకి ఎత్తాడు. పేలింది. తెర నల్లబడింది.

అంతే. తూటా బయటికి రాలేదు. లోపల తగిలిందో లేదో తెలియలేదు. వీధిలో ప్రతి ఇంట్లో జనం పక్కకి ఒరిగి కూర్చున్నారు, పావుగంట.

“యాడ పోయింది?” అని కేకేశాడు ఎవరో.

“దారిలో ఉంటాది. బస్తాలు తీయబాకండి,” అంది మస్తానమ్మ గోడ అవతలి నుంచి.

ముఖేష్‌కి మండిపోయింది. “ఆరుకే ఆపి, ఆపేదేమో ఇక్కడ ఆపుతాడా? ఏడాదిన్నర కూచోవాల్నా?” ఫోను తీసి కంపెనీ వాళ్లని బూతులు తిడుతూ రాశాడు, రేటింగ్‌లో ఐదుకి ఒక్క చుక్క ఇచ్చాడు. అదీ చాలక చేపలు కోసే కత్తితో ఊకబస్తాని అడ్డంగా చీల్చాడు. కడుపు కోసినట్టు ఊక బొళబొళా కారింది. “అయిపోయిన సీజన్‌కి బస్తా ఏంది, నా తలకాయ.” గోనెని వాకిట్లోకి విసిరి, ఆ చోట తన ప్లాస్టిక్ కుర్చీ వేసుకున్నాడు.

ఊక ఊడుస్తున్న రేవతి చీపురు చప్పుడు ఎక్కువైందట. ఆ రాత్రే మళ్లీ కొట్టడం మొదలుపెట్టాడు.

తర్వాత తొమ్మిది రోజులు షెడ్డులో ఒకటే గొడవ, తగిలిందా తప్పిందా అని. తగిలిందన్నవాళ్లు ఎక్కువ. రణధీర్ కదిలే రైలు మీద నుంచి ఎగిరే డ్రోను కళ్లు కాల్చినోడు, నాలుగు అడుగుల దూరంలో ఆడమనిషిని తప్పుతాడా?

“తప్పుతాడు,” అంది రేవతి. పై పెదవి వాచి ఉంది, మాట సరిగా పలకలేదు. “మూడో భాగంలో ఆమెకి జొరమొస్తే రాత్రంతా నుదుటి మీద తడిగుడ్డ వేసినాడు. ఆ చెయ్యి ఆమెని కాల్చలేదు.”

“నీకన్నీ ప్రేమలే మే,” అంది అబిగయీలు.

“నాకు తెలుసు,” అంది రేవతి. ప్రేమించినోడి చెయ్యి ఎట్లా ఉంటుందో ఆమె రోజూ ఆలోచిస్తూనే ఉంది, ఇంట్లో ఉన్న చెయ్యిని చూసి చూసి.

దేశమంతా ముఖేష్ లాంటివాళ్లు తిట్టిన తిట్లకి కంపెనీ దిగొచ్చింది. ప్రేక్షకుల కోరిక మీద, కోసేసిన చివరి రెండు నిమిషాలు ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకి వదులుతామని చెప్పింది. ఆదివారం చర్చి విడిచిపెట్టగానే సమాధానం సైకిలేసుకుని వీధంతా తిరిగి చెప్పాడు. “బస్తాలు చూసుకోండి. మూడుకి.”

రేవతి చీలిన గోనెని కుట్టి, దొరికినంత ఊక ఎత్తి నింపి వాకిట్లో పెట్టింది. ముఖేష్ కుర్చీలో కూర్చున్నాడు, సరిగ్గా బస్తా ఉండే చోట. వెనక గోడ మీద పాత తూటాల గుంటలు అతని తల చుట్టూ ఉన్నాయి.

“బస్తా తెస్తాను, కాస్త పక్కకి జరుగయ్యా,” అంది.

“ఎందుకు?”

“తప్పితే నీకు తగులుతాది.”

“రణధీర్ గురి తప్పుతాడా?”

“ఆమె కాబట్టి తప్పుతాడు.”

అతను లేవకుండానే ఆమె చెంప మీద ఒకటి ఇచ్చాడు. పెదవి మళ్లీ చిట్లి గడ్డం మీదికి రక్తం కారింది. “ఆడదాని కోసం గురి తప్పేవాడు మగాడేనే? పెట్టు.”

“నేను చెప్తుండా. జరుగు.”

“పెట్టమన్నానా లేదా?”

ఆమె రిమోట్ తీసుకుంది. రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పబోతే నోట్లో రక్తం ఉంది, మింగింది. టీవీ పక్కన గోడకి ఆనుకుని నిలబడి బటన్ నొక్కింది.

వాన. ఓడరేవు. నైనా తడిసిపోయి నిలబడి ఉంది, పారిపోలేదు. రణధీర్ తుపాకి ఎత్తాడు. ముఖం నిండా వేరేవాళ్ల రక్తం, వాన కడుగుతా ఉంది. వేలు మీట మీద పడింది. అప్పుడు, ఎవరూ గమనించనంత చిన్నగా, అతని మణికట్టు వణికింది.

“వొణుకుతుండాది చూడు,” అంది రేవతి. ఆమెకి తెలియకుండానే కళ్లల్లో నీళ్లు. “నేను చెప్పలా.”

ముఖేష్ విసురుగా ఆమె వైపు తిరిగి లేచాడు. కుడిచెయ్యి పైకెత్తాడు, వేళ్లు బిగించి.

తుపాకి పేలింది.

తూటా అతని పిడికిలిలో ఈ వైపు నుంచి దూరి ఆ వైపు తేలి, వెనక గోడలో అరచెయ్యంత పెళ్ల ఎగరగొట్టింది. వేళ్లు చెట్టు కొమ్మలు విరిగినట్టు విచ్చుకున్నాయి. రక్తం సున్నం మీద, కుర్చీ మీద, అతని కాటుక కళ్ల మీద చిమ్మింది. అతను అరవలేదు. మోకాళ్ల మీద పడి, చెయ్యి వైపు కాదు, టీవీ వైపు చూశాడు. లోపల నైనా నిలబడే ఉంది. రణధీర్ తుపాకిని సముద్రంలోకి విసిరేశాడు.

“తప్పిందా?” అన్నాడు ముఖేష్.

“తప్పింది,” అంది రేవతి. కొంగు చింపి అతని చేతికి గట్టిగా కట్టింది.

గోడ అవతల మస్తానమ్మ బస్తాలో దబ్‌మన్న చప్పుడు, ఆ వెనకే అబిగయీలు వాళ్లింట్లో, ఆ వెనక వీధి చివరిదాకా. తర్వాత సమాధానం గొంతు వినిపించింది. “నా చెవి ఉండాదిరా.” అందరూ నవ్వుతున్నారు.

నెల్లూరు ఆస్పత్రిలో డాక్టరు కట్టు విప్పి చూసి, “ఏ సీజను?” అనడిగాడు.

“రెండు సార్. మిగిలిన రెండు నిమిషాలు,” అంది రేవతి.

ఆయన రాసుకున్నాడు. నరాలు తెగిపోయాయన్నాడు. గాయం మానుతుంది, అన్నం తినగలడు, కానీ ఆ వేళ్లు ఇంక మడతపడవు, పిడికిలి బిగియదు, లారీ గేరు రాడ్డు పట్టలేడు. మంచం మీద ముఖేష్ ఆమెని చూడగానే కుడిచెయ్యి ఎత్తబోయాడు. తెల్లటి గుడ్డల ముద్ద గాల్లో కాసేపు ఆడి, తనే దిగిపోయింది. ఇద్దరూ దాన్ని చూశారు.

మర్నాడు మధ్యాహ్నం బట్టలు తెస్తానని రేవతి ఇంటికొచ్చింది. సంచిలో అతని లుంగీలు, చొక్కాలు సర్ది ఆస్పత్రికి ఇవ్వమని సమాధానానికి ఇచ్చింది. ఇంకో సంచిలో తన చీరలు సర్దింది. కొడవలూరు పోయే బస్సు ఐదున్నరకి. అక్కడ అమ్మ ఉంది, కోతలు మొదలయ్యాయి, వంకర చేత్తోనైనా కొడవలి పట్టుకోవచ్చు.

టీవీ ఇంకా వెలుగుతూనే ఉంది. నైనా, రణధీర్ ఎప్పుడో వెళ్లిపోయారు. తెర మీద కంపెనీ వాళ్లు అడుగుతున్నారు, సీజన్ నచ్చిందా, ఎన్ని చుక్కలు ఇస్తారు, మీ అభిప్రాయం రాయండి, ఇంకా ఎక్కువ భాగాలు కావాలా అని. ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఎప్పుడూ ఆమెదాకా రాలేదు.

రేవతి సంచి కింద పెట్టి రిమోట్ తీసుకుంది. ఐదు చుక్కలూ నింపింది. ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుంటూ రాసింది.

ఆరు చాలు. ఇంక పొడిగించబాకండి.