బూట్లు కావు

గేటు సైరన్ ఐదోసారి మోగేసరికి కొత్త ఆపరేటర్ ఒంటి మీద తువ్వాలు, చేతి గడియారం మాత్రమే మిగిలాయి.

అణువిద్యుత్ కేంద్రంలో రేడియేషన్‌ను పసిగట్టే గేటు అది. బయటికి వెళ్లేవాళ్ల మీద మోగితే అర్థముంది. ఇతను ఇంటి నుంచి అప్పుడే లోపలికి వస్తున్నాడు. పదకొండింటికి కంట్రోల్ రూమ్‌లో మొదటి డ్యూటీ. ఆరేళ్లు పరీక్షలు రాసి సంపాదించిన కుర్చీ. ఇంకో అరగంటలో గేటు నోరు మూయకపోతే అందులో వేరొకడు కూర్చుంటాడు. ఆ వేరొకడు గోడకానుకుని తల దువ్వుకుంటున్నాడు.

"బూట్లే," అన్నాడు భద్రతాధికారి. ఆయన ఆపరేటర్‌కు పిల్లనిచ్చిన మామ కూడా. "క్లాసులో చెప్పలేదూ? వెనకటికి ఒక దేశంలో ఇలాగే లోపలికొస్తున్న ఉద్యోగి బూట్లు మోగాయి. తీరా చూస్తే వెయ్యి కిలోమీటర్ల అవతల ఇంకో దేశంలో రియాక్టర్ పేలింది. వాళ్లు రెండు రోజులు గుట్టుగా దాచారు. బూట్లు బయటపెట్టేశాయి."

"నా బూట్లు విప్పి చాలాసేపయింది సార్," అన్నాడు అల్లుడు. ప్లాంటులో మామయ్యా అని పిలవకూడదని ఇంట్లో ఒప్పందం.

"అయితే అందరివీ విప్పించండి."

నూట నలభై జతలు గేటు ముందు గుట్టయ్యాయి. తనిఖీ మేడమ్ ముక్కు మూసుకుని ఒక్కో బూటు మీదా మీటరు తిప్పింది. రేడియేషన్ దొరకలేదు. వాసన మాత్రం ఎవరూ వెతక్కుండానే దొరికింది.

"పక్కదేశానికి ఫోన్ చేసి, మీ దగ్గరేమైనా పేలిందా అని అడగమంటారా?" అన్నాడు దువ్వెనవాడు.

"నంబరుందా?" అన్నాడు అధికారి నిజంగానే.

పదీ యాభై. మేడమ్ విసిగిపోయి మీటరును బూట్ల మీంచి మనిషి మీదికి తిప్పింది. ఎడమచేతి దగ్గర అది వేయించిన గింజల్లా చిటపటలాడింది.

"ఆ గడియారం విప్పండి."

"విప్పితే మా ఆవిడ పుట్టింటికెళ్లిపోతుందండి. పెళ్లిలో ఇది నా చేతికి కట్టినాయన అలాగని బెదిరించాడు."

భద్రతాధికారి దగ్గాడు.

మేడమ్ పాలిపోయిన పచ్చ అంకెలను దగ్గరగా చూసింది. "ఇది రేడియం వాచీ అని తెలుసా మీకు?"

"రేడియమే అన్నారు. చీకట్లో కూడా టైము తెలుస్తుందన్నారు. సైకిలు వెనక అంటించుకునే రేడియం అనుకున్నాను."

"పాతకాలంది. ఇందులో ఉన్నది అసలు రేడియం."

వాచీ సీసపు పెట్టెలోకి వెళ్లింది. అల్లుడు గేటు దాటాడు. సైరన్ కిక్కురుమనలేదు. అయినా ఇంకొక్క పని మిగిలింది. గేటు పక్కనున్న మైకు పైన భద్రతాధికారి స్వహస్తాలతో రాసి అంటించిన కాగితం ఉంది: 'దాపరికమే పెద్ద ప్రమాదం. కారకుడు ఎంతటివాడైనా, అతనెవరో అందరికీ వినబడేలా చెప్పాకే డ్యూటీ.'

"ఎవరో తెలిసినాయన అను, సరిపోతుంది," గొణిగాడు అధికారి.

"రూలు మీదే సార్."

"నా రూలు నాకు తెలీదా అల్లుడూ?" ఒప్పందం ముందు ఆయనే తప్పాడు.

పదీ యాభై ఏడు. దువ్వెనవాడు దువ్వెన జేబులో పెట్టుకుని కంట్రోల్ రూమ్ వైపు అడుగేశాడు. అల్లుడు ఒక చేత్తో తువ్వాలు బిగించుకుని, రెండో చేత్తో మైకు అందుకున్నాడు. నూట నలభైమంది ఉత్తికాళ్లతో చెవులు రిక్కించారు.

"రేడియం తెచ్చింది మా మామగారు."