పూల రంగే కదా!

లక్ష్మీరాజానికి దేవుడు గొంతునిచ్చాడు కానీ, దాన్ని ఎక్కడ ఆపాలో చెప్పి పంపలేదు. సూరత్ వచ్చి మగ్గాల మీద వయసంతా కరగబోసి, ఇప్పుడు పల్సానా పక్కన తెలుగువాళ్ళ వాడకట్టులో సమాజం అధ్యక్షుడిగా వెలుగుతున్నాడు. అధ్యక్షుడంటే పెద్ద పనేమీ కాదు. చందాలు అడగడం, శాలువా కప్పించుకోవడం, మైకు దొరికితే వదలకపోవడం. చివరి పని ఆయన మరీ శ్రద్ధగా చేసేవాడు.

వాడకట్టు వెనకే చీరలకు రంగులద్దే మిల్లు ఉంది. దాని మురుగంతా పక్కనున్న ఖాడీలోకి పోతుంది. ఖాడీ అంటే ఒకప్పుడు వాగు, ఇప్పుడు మిల్లువాళ్ళ మోరీ. అది చాలదన్నట్టు రంగు భూమిలోకి ఇంకి, వాడకట్టు బోరింగులో కూడా తేలింది. బజారులో ఏ రంగు చీరలకు గిరాకీ ఉందో తెలుసుకోవాలంటే ఇక్కడి ఆడవాళ్ళు దుకాణానికి పోనక్కరలేదు, బోరింగు కొడితే చాలు. మొన్నటిదాకా చిలకాకుపచ్చ, ఇప్పుడు గులాబీ. తాగడానికీ వండడానికీ క్యాన్లు కొంటారు కానీ స్నానాలకూ బట్టలకూ ఆ నీళ్ళే దిక్కు. లక్ష్మీరాజం మనవరాలు రుచితకు ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. పిల్ల గోక్కుంటూ ఏడుస్తుంటే, ఆయన భార్య వజ్రమ్మ కొబ్బరినూనె రాస్తూ మిల్లు సేటు ఏడు తరాలనూ తలుచుకునేది.

చివరికి వజ్రమ్మే ఆడవాళ్ళను కూడగట్టి, కాలుష్యం ఆఫీసుకు పోయి మొరపెట్టుకుంది. సద్దుల బతుకమ్మ మర్నాడు వచ్చి చూస్తామన్నారు. గోడలకు చెవులుంటాయంటారు. మిల్లు గోడలకు ఇంకాస్త పెద్దవి ఉంటాయి కాబోలు, రెండో రోజే అక్కడి నుంచి ఒక కుర్రాడు లక్ష్మీరాజం ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పేరు ధ్రుమిల్ దేశాయ్. నలగని చొక్కా, మెడలో బిళ్ళ, వెనకాల ఒక ఫొటోగ్రాఫరు. స్టేక్‌హోల్డర్లతో సంబంధాలు చూసుకోవడం అతని ఉద్యోగమట.

"కాకా, మీరంతా మా స్టేక్‌హోల్డర్లు," అన్నాడు హిందీలో.

"అంటే ఏంది బేటా?"

"హిస్సేదార్లు అనుకోండి."

లక్ష్మీరాజం కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. "హిస్సా అంటే, లాభంల గూడనా?"

"లాభం వేరు కాకా, సంబంధం వేరు," అని నవ్వాడు ధ్రుమిల్. "చెప్పండి, మీ సమాజానికి ఏం కావాలి?"

నీళ్ళు అనే మాట లక్ష్మీరాజం నాలుక చివరిదాకా వచ్చిన మాట నిజం. సరిగ్గా అప్పుడే ధ్రుమిల్, "మీలాంటి నాయకులు అడగాలే కానీ," అన్నాడు. ఆ ఒక్క ముక్కతో నీళ్ళు వెనక్కి పోయి బతుకమ్మ ముందుకొచ్చింది.

అతను వెళ్ళగానే వజ్రమ్మ అందుకుంది.

"గా మిల్లోని సొమ్ముతోని బతుకమ్మ ఆడుతమా? జర సిగ్గుండాలె నీకు."

"ఊకోయే. మంచిగున్నప్పుడే మంచిగ అడుక్కోవాలె. రేపు మన సమాజానికి హాలు గూడ కట్టిస్తడట."

"హాలుల నీళ్ళొస్తయా?"

ఆయన తన శాలువా ఎక్కడుందని అడిగాడు.

పండుగ మాత్రం ఘనంగా జరిగింది, అబద్ధమెందుకు చెప్పాలి. టెంటు వేశారు, లైట్లు పెట్టారు, టెంపో నిండా బంతిపూలు దించారు. ఊరి నుంచి బస్సులో వచ్చిన గునుగుపూలు ముంచడానికి మిల్లు నుంచి గులాబీ రంగు డబ్బా కూడా పంపారు. గునుగుకు రంగులద్దకుండా బతుకమ్మ పేరుస్తామా మరి! అంత మంచి రంగు ఊరికే వస్తే ఎవరు వద్దంటారు? ఆడవాళ్ళు పూలు ముంచి, మిగిలిన రంగునీళ్ళు ఖాడీలో పారబోస్తుంటే ఫొటోగ్రాఫరు వంగి, కూర్చుని, చివరికి బోర్లా పడుకుని కూడా ఫొటోలూ వీడియోలూ తీశాడు. బ్యానరు మీద 'తెలుగు గర్బా' అని రాయించారు. చుట్టూ తిరిగి చప్పట్లు కొట్టేది ఏదైనా గర్బాయేనని ధ్రుమిల్ నమ్మకం. లక్ష్మీరాజం మైకు పట్టుకుని సేటుకు, సేటు తండ్రికి, మిల్లుకు, మిల్లు పొగగొట్టానికి కూడా ధన్యవాదాలు చెప్పాడు. పొద్దు గూకాక ఆడవాళ్ళు బతుకమ్మలను తీసుకెళ్ళి ఖాడీలో వదిలారు. మలీద ముద్దల ప్రసాదం పంచుకుని, ఇళ్ళకు పోయి పడుకున్నారు.

తెల్లారాక కాలుష్యం ఆఫీసరు జీపు దిగాడు. నెమ్మదైన మనిషి, చేతిలో ఖాళీ సీసాల సంచి. ఖాడీ ఎర్రగా, మందంగా పారుతోంది. గట్టు మీద ఆడవాళ్ళంతా ఒక్కసారే అరవడం మొదలుపెట్టారు. ఆయన చెవులు మూసుకుని, "ఒక్కరు చెప్పండమ్మా, మీ పెద్ద ఎవరు?" అన్నాడు. వజ్రమ్మే మొగుణ్ణి ముందుకు తోసింది. "మా అధ్యక్షుడు చెప్తడు సార్!"

లక్ష్మీరాజం గొంతు సవరించుకునేలోపు ధ్రుమిల్ ఫోను పట్టుకుని ప్రత్యక్షమయ్యాడు.

"సార్, నిన్న వీళ్ళ పండుగ. పూలకు రంగులేసి నీళ్ళలో వదలడం వీళ్ళ ఆచారం. ఆచారాన్ని మేం ఎలా కాదంటాం? ఇదిగో వీడియో." వీడియోలో గులాబీ బకెట్లు, గులాబీ చేతులు, గులాబీ నీళ్ళు ఖాడీలోకి పారబోస్తున్న ఆడవాళ్ళు. వాళ్ళలో వజ్రమ్మ కూడా ఉంది.

ఆఫీసరు లక్ష్మీరాజం వైపు తిరిగాడు. "ఈ రంగు మీ పూలదేనా?"

కాదు అనడానికి రెండక్షరాలు చాలు. ఆయనకు అవి తెలియనివి కావు. కానీ ధ్రుమిల్ ఆయన భుజం మీద చెయ్యి వేసి, "కాకా మా సొంత మనిషి సార్, హాలు శంకుస్థాపన కూడా కాకా చేతుల మీదే," అన్నాడు. లక్ష్మీరాజం నీళ్ళు నమిలాడు.

"పూలదే... పూలది గూడ ఉంటది సార్," అన్నాడు.

ఆఫీసరుకు 'గూడ' వినబడలేదు, దాని ముందున్న మాటే వినబడింది. "అలాగైతే ఇవాళ నీళ్ళు పట్టి లాభం లేదు. పండుగ రంగు పోయాక మళ్ళీ చూద్దాం," అన్నాడు. మళ్ళీ అంటే ఎప్పుడో ఆయనకే తెలియదు. వజ్రమ్మ కొంగు విదిలించుకుని ఇంటికి పోయింది. ఆమె తిట్టి ఉంటే లక్ష్మీరాజానికి కాస్త బాగుండేది.

మధ్యాహ్నం అన్నం పెట్టింది. పళ్ళెంలో అన్నం గులాబీ రంగులో ఉంది.

"ఏందే ఇది?"

"బోరింగు నీళ్ళతోని వండిన. నీకొక్కనికే. తిను, పూల రంగే గదా."

ఆయన ముద్ద కలిపాడు కానీ నోటిదాకా తీసుకుపోలేదు. ఇంతలో రుచిత వచ్చి ఒళ్ళో కూర్చుంది. "తాతా, రంగన్నం! నాకు బీ దే!" అంటూ పళ్ళెంలో చెయ్యి పెట్టబోయింది.

లక్ష్మీరాజం ఆ చేతి మీద ఒక్కటి వేసి, పళ్ళెం వెనక్కి లాక్కున్నాడు. పిల్ల బిత్తరపోయి ఏడుపందుకుంది. దద్దుర్లున్న చెయ్యి అది.

"ఎందుకు గుంజుకున్నవ్?" అంది వజ్రమ్మ. ఆమె కళ్ళ నిండా నీళ్ళు. "పూల రంగే గదయ్యా. తిననీయ్ పిల్లను."

ఆయనకు సిగ్గేసింది. ఇన్నేళ్ళలో శాలువాలు ఎన్ని కప్పుకున్నా దాచలేనంత సిగ్గేసింది. పళ్ళెం పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా మిల్లు గేటులోకి నడిచాడు.

లోపల చల్లటి గదిలో, భోజనానికి ఆగిన ఆఫీసరు తన టిఫిన్ డబ్బా విప్పుకుని రొట్టెలు తింటున్నాడు. ఎదురుగా ధ్రుమిల్ ముందు సగం తిన్న శనగపిండి లోచో ప్లేటు ఉంది.

"రండి కాకా! ప్రసాదం తెచ్చారా?" ఫొటోగ్రాఫరు అప్పుడే కెమెరా ఎత్తాడు.

"తిను బేటా," అని లక్ష్మీరాజం పళ్ళెం అతని ముందు పెట్టాడు.

ధ్రుమిల్ నవ్వుతూ చెయ్యి చాపాడు. రంగు చూశాడు, వాసన తగిలింది. చెయ్యి ఆగిపోయింది.

"మా ఇంట్ల బోరింగు నీళ్ళతోని వండిన అన్నం," అన్నాడు లక్ష్మీరాజం. "పూల రంగే గదా, తిను."

"నాకు... నవరాత్రి ఉపవాసం కాకా."

ఆఫీసరు లోచో ప్లేటు వంక చూశాడు. తర్వాత అన్నం వంక చూశాడు.

"మేం పూలు ఖాడీల ఏస్తం సార్, బోరింగుల ఏయం," అన్నాడు లక్ష్మీరాజం. మైకు లేకపోవడం వల్ల కాబోలు, ఆయన జీవితంలో అంత చిన్న ఉపన్యాసం అదే. "పొద్దున నేను చెప్పింది అబద్ధం."

ఆఫీసరు డబ్బా మూత పెట్టి సీసాల సంచి అందుకున్నాడు. "బోరింగు ఎక్కడుంది?"

వాడకట్టంతా బోరింగు చుట్టూ చేరింది. లక్ష్మీరాజమే పిడి పట్టుకుని కొట్టాడు. నీళ్ళు వచ్చాయి. తెల్లగా, తేటగా వచ్చాయి!

ఆయన దోసిట్లో పట్టి చూశాడు, ఒక్క చుక్క రంగు లేదు. ఇన్ని నెలలూ పొద్దున లేస్తే తేట నీళ్ళు రావాలని మొక్కిన వజ్రమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ధ్రుమిల్ మొహం వికసించింది. ఆఫీసరు చేతిలో సీసా కిందికి దిగిపోతోంది.

"జర ఆగుండ్రి సార్!" అని లక్ష్మీరాజం ఇంకా గట్టిగా కొట్టాడు. చొక్కా తడిసింది, ఊపిరి ఆడటం లేదు. తల్లీ, రంగు రానీయే, జర రంగు రానీయే అని గౌరమ్మకు మొక్కుకుంటూ కొట్టాడు.

పైన నిలిచిన నీళ్ళు అయిపోయి అడుగు నీళ్ళు అందాయి కాబోలు, ధార మెల్లగా గులాబీగా మారింది. ఆ తర్వాత చిక్కటి ఎరుపు.

"వచ్చింది! వచ్చింది!" అని ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. నిన్న బతుకమ్మ చుట్టూ కూడా అంత సంతోషంగా కొట్టలేదు. రుచిత కూడా ఎగురుతూ చప్పట్లు కొట్టింది. ఆఫీసరు సీసా నింపుకున్నాడు. లక్ష్మీరాజం పిడి వదిలేసి, విషం వచ్చిందని పండుగ చేసుకుంటున్న తన వాళ్ళను చూస్తూ అక్కడే కూలబడి ఏడ్చాడు.