వికెట్ కీపర్ నుదుటి బొట్టు

నేను ఒక అట్టముక్కను. నన్ను చెడగొట్టినవాడు చిట్టూరి పోలేశ్వరరావు. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మిషన్ నడుపుకునే మనిషి. పేరు దాచాల్సిన అవసరం నాకేమీ లేదు. పగవాడు చెడగొడితే నలుగురికీ చెప్పుకుని తిట్టొచ్చు. ప్రాణంగా చూసుకున్నవాడే చెడగొడితే ఎవరితో చెప్పుకోను? అందుకే మీతో చెబుతున్నాను.

నాకు పెద్ద చదువు లేదు. వీపు మీద అచ్చువేసిన నాలుగు వరుసలే నా చదువంతా. పేరు వరదన్, పని వికెట్ కీపింగ్, ఆడిన మ్యాచ్‌లు మూడు, కార్డు నెంబరు ఎనభై ఏడు. అక్కడితో నా బడి ఆగిపోయింది. తక్కిందంతా మనుషుల చేతుల్లో పడి నేర్చుకున్నదే.

పుట్టింది ఒక అచ్చాఫీసులో. అట్ట మీద ముందు పసుపు పడింది, తర్వాత ఎరుపు, ఆ తర్వాత నీలం. అప్పటిదాకా నేనెవరో నాకే తెలియదు. ఆఖర్న నలుపు పడేసరికి కళ్లొచ్చాయి, చేతులకు తొడుగులొచ్చాయి, వెనక్కి నెట్టిన టోపీ కింద ఇంత నుదురొచ్చింది. నాలుగు రంగుల్లోంచి ఒక మనిషి లేచి నిలబడటం చూసి నా ఒళ్లు జలదరించింది. మిషన్ నడిపేవాడు మాత్రం ఆవులించాడు. మనుషులంతే. చేతికింద అద్భుతం జరుగుతుంటే వాళ్లకు నిద్రొస్తుంది.

నన్ను బబుల్‌గమ్ పొట్లంలో పెట్టి అమ్మారు. మొత్తం నూటపదిమంది ఆటగాళ్లు, పొట్లానికి ఒక్కడు. పేరున్నవాడు వస్తే పిల్లలు గంతులేసేవాళ్లు. వరదన్ వస్తే కాలవలో పడేసేవాళ్లు. మూడు మ్యాచ్‌ల మొహం ఎవరిక్కావాలి? అలా పారేయబట్టే నా తోడబుట్టినవాళ్లు మిగల్లేదు. వాళ్లు మిగలకపోబట్టే నాకు విలువొచ్చింది. ఇందులో నా గొప్ప ఏముందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

నన్ను కొన్నది గుడివాడలో ఒక బస్సు కండక్టరు కూతురు, కుసుమ. గమ్ నమిలేసి నన్ను సోషల్ పుస్తకంలో మొగలుల పాఠం దగ్గర గుర్తుగా పెట్టింది. ఆ పాఠం దాటి ఆవిడా ముందుకు పోలేదు, నేనూ పోలేదు. పదేళ్ల తర్వాత ఆ పుస్తకంతోపాటే విజయవాడలో ఒక పాత కాగితాల కొట్టుకు చేరాను.

ఆ కొట్టుకు ప్రతి ఆదివారం పోలేశ్వరరావు వచ్చేవాడు. ఈ కార్డులు పోగెయ్యడం అతనికి పిచ్చి. నూట తొమ్మిది దొరికాయి, నేనొక్కణ్నే దొరకలేదు. కొట్టు యజమానికి కాటా బాగుచేసిపెట్టి, బదులుగా పుస్తకాల కట్టలు విప్పి వెతుక్కునేవాడు. అలా తొమ్మిదేళ్లు. "ఏం మేస్త్రిగారూ, పారిపోయిన మీ బావమరిది ఇంకా దొరకలేదా?" అని యజమాని ఎగతాళి చేసేవాడు.

దొరికిన రోజు పోలేశ్వరరావు నన్ను ముట్టుకోలేదు. పుస్తకం తెరిచినది తెరిచినట్టే పెట్టి, పంపు దగ్గరికి పోయి మోచేతుల దాకా సబ్బుతో తోముకున్నాడు. చొక్కాకు కూడా తుడుచుకోకుండా గాలికి ఆరబెట్టుకున్నాడు. అప్పుడు వచ్చి రెండు వేళ్లతో నా అంచులు పట్టుకుని పైకి తీశాడు. ఏడో తరగతిలో బడి మానేసి, ఇనుము కోసుకుని బతికేవాడు. నన్ను ఒక మనిషి అంత పదిలంగా పట్టుకోవడం అదే మొదలు.

నూటపదిమందికీ అల్యూమినియం చట్రం చేసి గాజు బిగించాడు. జిగురు వాడితే అట్ట పాడవుతుందని కార్డుకు నాలుగు చొప్పున ఇత్తడి కొక్కేలు తనే కోసి, తనే ఆకురాయితో నునుపు చేశాడు. ఎండ తగలని గోడ చూసి లేత్‌కి ఎదురుగా తగిలించాడు. షాఫ్టులు చేయించుకోవడానికి వచ్చినవాళ్లు వచ్చిన పని మరిచిపోయి నోరు తెరుచుకుని నిలబడేవాళ్లు. భోజనం క్యారేజీ తెచ్చే భార్య నాగరత్నం మాత్రం, "నూటపదిమంది మగాళ్లకి ఇల్లు కట్టారు, మనం మాత్రం అద్దెకుంటన్నాం" అనేది.

ఇంత జాగ్రత్తపరుడు దసరాకి దెబ్బతీశాడు. ఆయుధపూజ రోజున ఆటోనగర్‌లో స్పానరు నుంచి లారీ దాకా బొట్టు లేని ఇనుము ఉండదు. లేత్‌కి పెట్టాక పోలేశ్వరరావు గాజు తీసి, అందరి తరఫునా నాకు పెట్టాడు. పొడి కుంకుమ రాలిపోతుందని నీళ్లతో తడిపాడు. జిగురుకు భయపడ్డ మనిషి, దేవుడి పేరు చెప్పేసరికి తడికి భయపడలేదు. చల్లటి ఉంగరపు వేలు నా నుదుటి మీద ఆనింది. ఆ ఎరుపు నా లోపలికంటా దిగిపోయింది. కాని ఒక మాట ఒప్పుకోవాలి. ఏడాదిలో ఆ ఒక్కరోజే వీధిలో మిషన్లన్నీ ఆగుతాయి. ఆ నిశ్శబ్దంలో, కర్పూరం వెలుగులో, నూటపదిమందిమీ ఊపిరి పీల్చినట్టు అనిపించింది. ఇరవై రెండు దసరాలు అక్కడే, ఆ చోటే బొట్టు పెట్టాడు.

మొన్న వేసవిలో హైదరాబాదు నుంచి ఫణీంద్ర అనే ఆయన కారులో వచ్చాడు. ఆటగాళ్ల కార్డులకోసం పెద్ద హాలు కట్టాడట. ఆయనకీ నేనొక్కణ్నే తక్కువ. ఫోనులో ఫొటో చూపించాడు. నల్ల మఖమలు, పైన సన్నటి దీపాలు, వరసగా కార్డులు, మధ్యలో ఒక ఖాళీ. దాని కింద ఇత్తడి రేకు మీద 'ఇచ్చినవారు: చిట్టూరి పోలేశ్వరరావు, లేత్ కార్మికుడు' అని అప్పుడే చెక్కించేశాడు. రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా అచ్చుకాని పేరది. ఎంత కావాలో చెప్పమంటే పోలేశ్వరరావు డబ్బు వద్దన్నాడు. ఆ పేరు అక్కడుంటే చాలన్నాడు. అంత వెలుగు, అంత నలుపు చూసి నాకూ ఆశ పుట్టింది.

ఫణీంద్ర భూతద్దం తీసి నా మీదికి వంగాడు.

"ఈ మరక ఏంటండీ?"

"మరక కాదు సార్, బొట్టు."

మరకతో హాల్లో పెట్టలేనని, ముంబైలో ఒకాయన మందు పెట్టి ఆనవాలు లేకుండా చెరిపేస్తాడని, పది నిమిషాల పనేనని ఆయన చెప్పాడు. పోలేశ్వరరావు తలూపాడు. కొక్కేలు విప్పడానికి స్క్రూడ్రైవరు కూడా తీశాడు. టీ తెచ్చిన నాగరత్నం గ్లాసులు బల్లమీద పెట్టి అడిగింది.

"ఆ బొమ్మలో ఆయన ఉన్నాడా బాబూ?"

"ఉన్నారమ్మా, చెన్నైలో. డెబ్బై దాటాయి."

"బతికున్న మనిషి నుదుటి బొట్టు చెరుపుతారా?"

ఫణీంద్ర నవ్వాడు. "అది కాగితం కదమ్మా."

"కాగితమైతే ఇంత దూరం ఎందుకొచ్చారు మరి?"

పోలేశ్వరరావు ఫోను మళ్లీ అడిగి తీసుకున్నాడు. ఆ ఇత్తడి రేకు మీద తన పేరు చాలాసేపు చూసుకున్నాడు. అక్షరం తర్వాత అక్షరం, కొత్తగా చదువు నేర్చినవాడిలా. తర్వాత ఫోను ఇచ్చేశాడు.

"వద్దులెండి సార్. పెట్టింది నేనే. చెరపమని నేనే ఎలా చెప్పను?"

ఫణీంద్ర చెడ్డవాడు కాదు, టీ తాగే వెళ్లాడు. పోలేశ్వరరావు వదులైన కొక్కెం బిగించి మిషన్ మీదికి వంగాడు. ఆ రోజంతా పనిలో పడి తలెత్తలేదు.

కాలవలో పారేసిన మొహం కోసం ఒక మనిషి తన పేరే వదులుకోవడం నేను చూశాను. దాని ముందు నా గొంతు చిన్నదైపోతుంది. అయినా నా నష్టం నాదే. ఫణీంద్ర ఆ ఖాళీలో వేరే ఎవరి బొమ్మో పెట్టేశాడట. నల్ల మఖమలు మీద, దీపం కింద, లోకమంతా చూసే చోట నేను పోగొట్టుకున్న జాగా నిలువు మూడున్నర అంగుళాలు, అడ్డం రెండున్నర. మొత్తం ఎనిమిదీ ముప్పావు చదరపు అంగుళాలు.