నిమిషానికి ముప్పై ఆరు

గుంటూరు పక్క మిరప కోతలకు పోయి లారీ దిగిన వాళ్ళందరూ దగ్గుతూనే ఉంటారు. కాయ ఘాటు గొంతులో చేరితే పది రోజులు పోదు. మా కోసిగి పక్క ఊర్లలో దానికి ఎవరూ ఆసుపత్రికి పోరు. బెల్లం ముక్క నోట్లో వేసుకుంటారు.

పోయిన ఏడు నా భార్య రామేశ్వరమ్మ కూడా అలాగే దగ్గింది. చేను పక్క గుడారంలో జ్వరంతో పడుకుంటే, మమ్మల్ని కూలికి తీసుకుపోయిన మేస్త్రీ ఉరుకుందప్ప వచ్చి చూశాడు. "ఘాటుకు అందరూ దగ్గుతారప్పా. మాత్రకు జ్వరం దిగింది గదా, లేసి కోతకు సాలు పట్టమను" అన్నాడు. నేను నమ్మాను. పట్టమన్నాను. మూడో రోజు ఆసుపత్రికి తీసుకుపోతుంటే ఆటోలోనే పోయింది. ఊరికే కూర్చున్న మనిషి ఊపిరి నిమిషానికి ముప్పై దాటితే ఒక్క గంట కూడా ఆగకూడదని ఆసుపత్రిలో నర్సమ్మ అప్పుడు చెప్పింది. అన్నీ అయిపోయాక.

ఈ ఏడు ఉరుకుందప్ప భార్య సుంకులమ్మ మా ఇంటికి వచ్చింది. ఏడాదిగా వాళ్ళతో నాకు మాటల్లేవు.

"ఈరన్నా, ఆయప్ప నాలుగు దినాల నుంచి దగ్గుతాండాడు. జ్వరం దిగింది, చెమట పట్టింది. అయినా నాకెందుకో భయంగా ఉండాది. వదిన జబ్బు చూసినోడివి నువ్వే. ఒక తూరి రా."

పోయాను. ఉరుకుందప్ప గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఏమప్పా... నన్ను సాగనంపనీకి... వచ్చినావా?" అని నవ్వాడు. ఆ కాస్త మాటకే రెండుసార్లు ఆగాడు.

"నోరు మూసుకోని కూర్చో."

సెల్‌ఫోన్‌లో గడియారం చూస్తూ అతని డొక్కలు ఎగరడం లెక్కపెట్టాను. ముప్పై ఆరు. పొరపడ్డానేమోనని మళ్ళీ లెక్కపెట్టాను. ముప్పై ఆరే. ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతు కింద గుంట పడుతోంది.

"ఘాటు దగ్గే గదన్నా?" సుంకులమ్మ అడిగింది.

అవునంటే చాలు. అతను చెప్పిన మాటే అతనికి చెప్పి ఇంటికి పోవచ్చు. ఎవరూ నన్ను తప్పుపట్టరు. మాట నోటిదాకా వచ్చింది. సుంకులమ్మ చేతిలో బెల్లం ముక్క కరిగి వేళ్ళకు అంటుకుంటోంది. నేనూ రామేశ్వరమ్మకు అలాగే పట్టుకుని కూర్చున్నాను.

"ఆటో పిలువు. ఆదోనికి పోవాల."

"రేపు... మళ్ళా లారీ... ఉండాదప్పా. కూలోళ్ళు..."

"శవాన్ని ఎక్కించుకోరు లారీలో. లెయ్."

దారంతా అతన్ని కూర్చోబెట్టి పట్టుకున్నాను. సగం దారిలో మాట పడిపోయింది. పెదవులు నల్లబడ్డాయి.

"ఉరుకుందా! కండ్లు తెరువురా!"

తెరిచాడు.

ఆసుపత్రిలో వేలికి క్లిప్పు పెట్టి చూసి, పరుగున ఆక్సిజన్ తగిలించారు. నెమ్ము చేరిందన్నారు. ఇంకో పూట ఆగి ఉంటే దక్కేవాడు కాదన్నారు.

నాలుగో రోజు మాస్కు తీశారు.

"ఈరన్నా, ఆ పొద్దు గుడారంలో నేను..."

"మాట్లాడితే ఆయాసం వస్తాది. పండుకో."

క్షమించమని అడగబోతున్నాడు. అడగనిస్తే నేను జవాబు చెప్పాలి. బయటికొచ్చి కోసిగి బస్సెక్కాను.