సగం గాలి

భాష్యానికి కోపం వస్తే అంబత్తూరు ఎస్టేటంతా వినబడుతుందని ఫ్యాక్టరీలో చెప్పుకునేవాళ్ళు. మద్రాసు చెన్నై అయిన ఆ యేడు వేసవిలో ఆ గొంతు రోజూ వినబడుతూనే ఉంది. కారణం మృణాళిని.

ఆయన వర్క్స్ మేనేజరు. లారీల విడిభాగాలు చేసే ఆ పెద్ద కంపెనీలో ప్రెస్సులూ, బిగించే పనిముట్లూ అన్నీ గొట్టాల్లో ఒత్తిడితో వచ్చే గాలి మీదే నడుస్తాయి. ఆ గాలిని తోసే మూడు కంప్రెసర్లూ భాష్యానికి కన్నబిడ్డలు. మూడూ చాలడం లేదు, నాలుగోది కొనాల్సిందేనని ఆయన పట్టు.

కరెంటు వాడకం తగ్గించడానికని కొత్తగా చేరిన ఇంజనీరు మృణాళినిది ఇంకో పట్టు. "కన్యాకుమారి దిక్కు, ఆరల్వాయ్‌మొళి కనుమలో గాలిమరలు పెట్టుకుందాం సార్. ఆడ పుట్టిన కరెంటు, బోర్డువాళ్ళ తీగల మీద ఈడికి వస్తుంది. మన కోసం మండే బొగ్గన్నా తగ్గుతుంది."

ఎండీ పరంధామయ్య ఇద్దరిలో ఒకరికే సరే అనగలనన్నాడు. సోమవారం తేల్చేస్తానన్నాడు.

"ఫ్యాన్లు పెట్టి నడిపేదానికి ఇదేమన్నా పెళ్ళిపందిరా?" అని భాష్యం ఎగిరిపడ్డాడు.

"అది తర్వాత సంగతి సార్. ముందు మన గొట్టాల్లో గాలి కారిపోతా ఉండాది. మిషన్లన్నీ కాసేపు ఆపించండి, చూపిస్తాను."

"ఉత్పత్తి ఆపేదా? నా కంఠంలో ప్రాణం ఉండగా ఆపను పో!"

పిల్ల తగ్గితేగా! శుక్రవారం పొద్దున క్యాంటీన్ ముందు పరంధామయ్య కనబడగానే అడ్డం వెళ్ళి, చేతులూపుతూ తెలుగులో చెప్పేసింది. "సగం గాలి సార్! మన కంపెనీలో సగం గాలి!"

పక్కనే గ్లాసులు కడుగుతున్న చిన్నపొన్ను చెయ్యి ఆగిపోయింది. తెలుగువాళ్ళ మధ్య మసిలి మసిలి 'సగం' అంటే ఏమిటో ఆమెకు తెలుసు. 'గాలి' అయితే నేర్చుకునే పనే లేదు, అది వాళ్ళ మాటే. చెన్నై తమిళంలో ఏదన్నా గాలి అయిందంటే ఇక అయిపోయినట్టే, ఖాళీ అన్నమాట.

ఇంకేముంది! టీ వేళకల్లా కబురు షెడ్లన్నీ చుట్టేసింది. ఒక్కొక్క మిషనూ ఆగింది. జనమంతా వచ్చి షెడ్డు చివరున్న కంప్రెసర్ గది ముందు భాష్యం చుట్టూ నిలబడ్డారు. యూనియన్ నాయకుడు ఆరోగ్యసామి ముందుకొచ్చాడు.

"పాది కంపెనీ గాలియా సార్?" అన్నాడు. కోపంగా కాదు, భయంగా అన్నాడు. సగం కంపెనీ ఎత్తేస్తే ఎవరెవరు ఇంటికి పోవాలో చెప్పమన్నాడు.

"ఎవడ్రా ఆ మాటన్నది!" భాష్యం గొంతు లేచింది.

గొడవ విని పరుగున వచ్చిన మృణాళిని ఆయన చెయ్యి పట్టుకుంది. "అరవొద్దు సార్. దయచేసి వినండి."

ఆ పిల్ల మొహంలో ఏం కనబడిందో, భాష్యం నోరు మూశాడు. ఆయన్ని చూసి అందరూ మూశారు. అప్పుడు వినబడింది. షెడ్డు లోపల పైకప్పు కింద, గోడల వెంట, ప్రతి అతుకు దగ్గరా బుస్సుమంటున్న చప్పుడు. మిషన్ల రొదలో ఇన్నేళ్ళూ ఎవరి చెవినా పడని చప్పుడు.

"ఒక్క మిషనూ నడవడం లేదు," అంది మృణాళిని నెమ్మదిగా. "మరి మీ బిడ్డలు మూడూ ఎవరి కోసం ఇట్టా రొప్పుతా ఉండాయి సార్?"

భాష్యం వెనక్కి తిరిగి చూశాడు. మూడు కంప్రెసర్లూ ఆయాసపడుతూ తిరుగుతున్నాయి. అబ్బ, ఏం పిల్ల! తాను కుదరదన్న పరీక్షని, ఈ గొడవలోంచే లాగి చేసి చూపించింది. కోపం రావలసిన చోట ఆయనకు ముచ్చటేసింది.

ఆమె జనం వైపు తిరిగి తమిళంలో విడమరిచి చెప్పింది. తానన్నది ఆ గాలి కాదనీ, తెలుగులో గాలి అంటే 'కాత్తు' అనీ, గొట్టాల్లో సగం గాలి కారిపోతోందని చెప్పబోయాననీ, ఎవరి ఉద్యోగమూ పోదనీ చెప్పింది.  జనమంతా షెడ్డు అదిరేలా నవ్వారు. చిన్నపొన్ను సిగ్గుతో చచ్చిపోయి, క్యాంటీన్‌లోంచి బకెట్టు నిండా సబ్బునీళ్ళు తెచ్చి పెట్టింది. తలా ఒక మగ్గు అందుకున్నారు. అతుకుల మీద నీళ్ళు పోయగానే బుడగలు లేచిన చోటల్లా గాలి కారుతోంది. ఆ సాయంత్రం నుంచి ఆదివారం దాకా పాత వాషర్లు పీకి కొత్తవి వేస్తూనే ఉన్నారు. భాష్యం కూడా చొక్కా చేతులు మడిచి నిచ్చెనెక్కాడు.

సోమవారం మిషన్లన్నీ నడుస్తుండగా ఆయన మూడో కంప్రెసర్ దగ్గరికి వెళ్ళాడు. దాన్ని బిగించిన రోజు కొబ్బరికాయ కొట్టింది ఆయనే. ఒకసారి దాని మీద చెయ్యి వేసి, ఆపేశాడు. గొట్టాల్లో ఒత్తిడి చూపించే ముల్లు కాస్త కూడా కిందికి దిగలేదు. చూశారా అనకుండా మృణాళిని ఆ అంకె రాసుకుంది.

సంగతి తేల్చడానికి వచ్చిన పరంధామయ్య అడిగాడు. "ఏం భాష్యం, మరి నీ నాలుగో కంప్రెసరు?"

"గాలి సార్."

"తెలుగు గాలా, తమిళ గాలా?"

"నాది తమిళ గాలి సార్, అయిపోయింది." భాష్యం మృణాళినిని ముందుకు పిలిచాడు. "ఈ అమ్మాయి అడిగేది తెలుగు గాలి. దాని మీద సంతకం పెట్టండి."