వంతెన దాటితే చాలు

భోజనాల బల్ల మీద యుద్ధం ఆట పరిచి, మా బావమరిది ఎప్పటిలాగే నాకు పారిపోయే సైన్యాన్నే అంటగట్టాడు. వాడు గడియారాలు బాగుచేస్తాడు. ఒక్కో అట్టబిళ్ళని గడియారం ముల్లు బిగించినంత నిదానంగా జరుపుతాడు. చూస్తుంటేనే నాకు ఒళ్ళు మండుకొస్తుంది.

ఆట ఏమంత కష్టం కాదు. నా దళం ఒకటి వెనక నిలబడి శత్రువుని అడ్డుకుంటూ, కాస్త కాస్తగా తగ్గుతూ రావాలి. ఈలోగా మిగతా దళాలు వంతెన దాటేస్తే గెలుపు నాదే.

సగం దళాలు దాటేశాయి. వాడు నా వెనక దళం మీదికొచ్చాడు. నేను పాచిక వేస్తే ఆరు పడింది. వాడి బిళ్ళే వెనక్కి పోయింది.

"ఇంక తగ్గు బావా," అన్నాడు జాలిగా.

ఆ జాలికి నాకు తిక్క రేగింది. తగ్గలేదు సరికదా, తరిమాను. వంతెన దాటినవాళ్ళని కూడా వెనక్కి పిలిచి మరీ తరిమాను. వాడు తాపీగా కొండ పక్కనుంచి రెండు బిళ్ళలు తెచ్చి వంతెన మీద పెట్టి నా దారి మూసేశాడు.

"నువ్వు పారిపోవాలి బావా. నిన్నెవడు తరమమన్నాడు?"

నేను పళ్ళు నూరుతూ ఉండగా మా ఆవిడ కంచాలతో వచ్చింది. "ఓడిపోయారుగా, బల్ల ఖాళీ చెయ్యండి."

"ఓడిపోలేదు! నీ తమ్ముడు దొడ్డిదారిన వచ్చాడు!"

"సరేలెండి, మీరే గెలిచారు," అంటూ తను వంటింట్లోకి తప్పుకుంది.

ఊరుకుంటానా? వాదిస్తూ పొయ్యి దాకా వెంటపడ్డాను. తిరిగొచ్చేసరికి ఆట డబ్బాలో ఉంది. నా కుర్చీలో కూర్చుని మా బావమరిది నిదానంగా భోంచేస్తున్నాడు.